ఎక్కడి రాయి

మా ఊళ్ళో రాయి పుట్టదు.
తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే నల్లబురద,
ఆ కింద ఉప్పునీళ్ళు.
చిన్నప్పుడు మామిడికాయ కొట్టాలన్నా
మట్టిబెడ్డే విసిరేవాళ్ళం,
సగం దూరంలోనే గాల్లో విడిపోయేది.
రోడ్డు కంకరా, లాకుల గోడలూ, అమ్మ సన్నికల్లూ
అన్నీ ఎక్కణ్ణుంచో బండెక్కి వచ్చినవే.

అయినా ముప్పై ఏళ్ళు రాళ్ళమీదే బతికాను
పాలకొల్లులో, తటవర్తి వారి కొట్టు వెనక గదిలో.
లక్కమీద దుద్దు నిలబెట్టి
గూట్లో రవ్వని కూచోబెట్టి
చుట్టూ బంగారం వాల్చి నొక్కడం నా పని.
రవ్వలు సూరత్ నుంచి
కాగితం పొట్లాల్లో వస్తాయి, పంటినొప్పి మాత్రల్లా.
సూరత్‌కి ఎక్కణ్ణుంచని నేనడగలేదు.
కూలి అడిగాను.
తరుగు లెక్క అడిగాను.

ఈమధ్య పొట్లాలు రెండు రకాలు.
ఒకటి భూమి కన్నది, ఒకటి యంత్రం పెంచింది.
రెండూ రవ్వలే. రెండూ గాజుని కోస్తాయి.
పిన్ను ఆనిస్తే రెండూ ఒకేలా కూస్తాయి,
ఆ యంత్రానికి కూతే వచ్చు, పుట్టుక తెలియదు.
ధర దగ్గరే ఏనుగూ ఎలకా.
"పక్కరాళ్ళే కదా లక్కోజూ, కలిపెయ్" అనేవారు షావుకారు
నా వంక కాదు, ఫ్యాను వంక చూస్తూ.
కలపలేదని చెప్పను.
ఏ చెవులకి వెళ్ళాయో చెప్పలేను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం కొల్లాటి వెంకాయమ్మ వచ్చింది.
మొగల్తూరు పక్కన ఎకరంన్నర కౌలు చెరువు.
ప్లాస్టిక్ కవర్లో నోట్లు, వాటికి రొయ్యల మేత వాసన.
ఏడురాళ్ళ దుద్దులు చూపించారు.
"అన్నీ కలిపి నలభై సెంట్లమ్మా."
"నలభై సెంట్లే! అంత నేలుంటే కౌలెందుకు చేత్తానండీ"
అని నవ్వి, నవ్వు ఆగకముందే అడిగింది:
"ఎక్కడివండీ ఇవి?"
"మేలైన రాళ్ళు."
"మేలు సంగతి కాదండి. ఎక్కడివని."

షావుకారు మాట్లాడలేదు. ఆవిడే మాట్లాడింది.
"పోయినేడు నా సరుకు వెనక్కొచ్చిందండి.
మందు ఆనవాలు తగిలిందంట, సముద్రం అవతల.
నేనెయ్యలేదు. పిల్లనిచ్చినోడు ఏశాడు.
నట్టం మాత్రం నాది.
అప్పట్నుంచీ రాత్తన్నాను,
ఏ చెరువు, ఎవరి పిల్ల, ఏ రోజు ఏ మేత.
పుస్తకం లేందే కంపెనీ లారీ గట్టెక్కదు.
రెండ్రోజులకి కుళ్ళిపోయే రొయ్యకి
నేను పుట్టుక రాసిత్తన్నాను.
నా మనవరాలి మనవరాలు పెట్టుకునే రాయికి
మీరేం రాసిత్తారు?"

"సూరత్" అన్నారు షావుకారు.
"అక్కడ గనుందాండి?"

"లేదమ్మా."
ఆ మాట నాదే. ఎప్పుడు లేచొచ్చానో తెలీదు,
వేళ్ళకి లక్క అంటుకునే ఉంది.
"ఏవి భూమివో ఏవి యంత్రానివో విడదీసి చూపిస్తాను.
ధరలు వేరు.
గనెక్కడో, అందులో దిగినవాడికి
కూలి ముట్టిందో, తుపాకీ చూపించారో,
అది నాకు తెలీదు."

"అయితే తెలీదనే రాయండి."

బిల్లుపుస్తకంలో దానికి గడి లేదు.
అంచున, చీమల వరసలా రాశారు షావుకారు.
నా వంక చూళ్ళేదు. ఈసారి ఫ్యాను వంకా చూళ్ళేదు.
ఆవిడ బయానా ఇచ్చింది.
"తెలిశాక పొదగండి. వెనక మూసెయ్యకండి,
వెలుతురు అటుపక్కకి రావాల" అని
భీమవరం బస్సుకి పరిగెత్తింది.

సూరత్‌కి ఫోన్లు వెళుతున్నాయి.
"అడుగుతున్న పార్టీ ఏ దేశం?" అన్నారట అవతల.
"మొగల్తూరు" అన్నారు మా షావుకారు.

లక్కమీద పద్నాలుగు గూళ్ళు ఖాళీగా ఉన్నాయి.
సాయంత్రం బస్సులో, చేపల బజార్లో
ఆడవాళ్ళ చెవుల వంక చూస్తున్నాను.
పిచ్చాడనుకుంటున్నారు.
నా చేతి నొక్కు ఎక్కడున్నా పోలుస్తాను.
అది మాత్రం తెలుస్తుంది నాకు.